కొత్త కారు వణుకుతోందా? ముందు అది ఎప్పుడు వణుకుతోందో చూడండి

కొత్త కారు కొన్నాక ఊళ్లో తిరిగినన్ని రోజులు ఏమీ తెలియదు. ఒకరోజు నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి 80 దాటించగానే స్టీరింగ్ చేతుల్లో సన్నగా అదరడం మొదలవుతుంది. లక్షలు పోసి కొన్న బండి కదా, టెన్షన్ పట్టుకుంటుంది. షోరూమ్‌కు తీసుకెళ్తే వినిపించే మాటలు రెండే: "అలైన్‌మెంట్ చేసి ఇస్తాం సార్", అది పని చేయకపోతే "కొత్త బండి కదా సార్, రన్నింగ్‌లో సెట్ అయిపోతుంది".

ఈ రెండు మాటలూ దాదాపు ఎప్పుడూ తప్పే. అలైన్‌మెంట్‌లో, అంటే చక్రాలు నిలబడే కోణాల్లో, తేడా ఉంటే కారు ఒక పక్కకు గుంజుతుంది, టైరు ఒక అంచున ఎక్కువ అరుగుతుంది, స్టీరింగ్ నిటారుగా ఉండదు. అంతే తప్ప అది నేరుగా వణుకు పుట్టించదు. ఇక సెట్ అయ్యే విషయానికొస్తే, అలా దానంతటదే పోయే వణుకు ఒకే ఒక్కటుంది, దాని గురించి కింద చెప్తాను. మిగతావన్నీ ఎవరో ఒకరు కారణం పట్టుకుని సరిచేసే దాకా ఉంటాయి, కొన్నయితే పెరుగుతాయి కూడా.

కారణం పట్టుకోవడానికి మొదట కావాల్సింది మిషన్ కాదు, ఒక ప్రశ్న. "ఏ పార్ట్ పోయింది" అని కాదు, "ఎప్పుడు వస్తోంది" అని. కారులో తిరిగే వస్తువులు కొన్నే ఉన్నాయి. చక్రాలు బండి వేగాన్ని బట్టి తిరుగుతాయి, ఇంజిన్ ఆర్‌పీఎంను (నిమిషానికి ఎన్ని చుట్లు అనే లెక్కను) బట్టి తిరుగుతుంది, బ్రేక్ డిస్కులు చక్రంతోపాటే తిరుగుతాయి కానీ మీరు పెడల్ తొక్కినప్పుడే తమ లోపం బయటపెడతాయి. వణుకు వీటిలో దేన్ని అనుసరిస్తోందో తేల్చుకుంటే వెతకాల్సిన చోటు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. గుంతల్లో వచ్చే కుదుపు వీటన్నిటికీ వేరే, అది రోడ్డు నుంచి వస్తుంది, దాని లెక్క వేరు. ఈ రెండింటినీ కలిపి "బండి స్మూత్‌గా లేదు" అని చెప్పడం వల్లే సగం కేసులు సర్వీస్ సెంటర్లో తేలకుండా తిరుగుతుంటాయి.

పరీక్ష మొదలుపెట్టే ముందు రెండు పనులు చేయండి, ఖర్చు లేనివి.

ఒకటి, గాలి. ఫ్యాక్టరీ నుంచి బయల్దేరే కార్లకు చాలాసార్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ గాలి నింపుతారు, ఎందుకంటే ట్రెయిలర్ మీద, స్టాక్‌యార్డులో కదలకుండా నెలల తరబడి నిలబడితే టైరు నేలకు ఆనిన చోట చదునైపోతుంది. డెలివరీకి ముందు చేసే తనిఖీలో ఆ గాలి తగ్గించాలి. పండుగ రోజుల్లో డెలివరీలు కుప్పలుగా ఉన్నప్పుడు అది మర్చిపోతే మీరు 40 పీఎస్‌ఐ దాటిన టైర్లతో ఇంటికొస్తారు, ప్రతి చిన్న రాయీ నడుముకు తెలుస్తుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, చాలా చిన్న కార్లకు అది 30 నుంచి 36 మధ్య చెప్తుంది, దాన్నే నమ్మండి, బంకులో కుర్రాడు "అందరికీ 35 కొడతాం అన్నా" అంటే వినకండి. అదీ పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. మన దగ్గర ఎండ సంగతి తెలిసిందే: 25 డిగ్రీల దగ్గర 32 ఉన్న టైరు మే మధ్యాహ్నం 45 డిగ్రీల్లో నిలబడి ఉంటేనే 35 దాకా చూపిస్తుంది, నడిస్తే ఇంకా పెరుగుతుంది. ఆ వేడిలో చూసి గాలి తీసేస్తే మర్నాడు పొద్దున తక్కువ గాలితో నడుస్తారు.

రెండోది, రిమ్ములు కడగండి. బయటి వైపు కాదు, లోపలి వైపు. నాట్ల రోజుల్లో మిర్యాలగూడ, హాలియా వైపు ఏ ఊరికి వెళ్లినా పొలంలోంచి రోడ్డెక్కిన ట్రాక్టర్లు బురద పరిచి ఉంటాయి, అది రిమ్ములోపల అతుక్కుని ఎండితే గట్టి పెళ్లలా తయారవుతుంది. ఇందులో ఎంత బలముందో చెప్పడానికి చిన్న లెక్క. 15 అంగుళాల రిమ్ము అంచున 30 గ్రాములు ఎక్కువగా ఉంటే, 100 కి.మీ. వేగంలో అది నాలుగు కేజీలకు పైగా బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది, అదీ సెకనుకు 14 సార్లు, ప్రతి చుట్టులో దిక్కు మారుస్తూ. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది, అందుకే ఊళ్లో తెలియదు. 30 గ్రాములకే ఇంతయితే, ఎండిన రేగడి పిడికెడు ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చక్రం చుట్టూ బరువు సమానం చేసే బ్యాలెన్సింగ్‌కు డబ్బు కట్టేముందు వాటర్ సర్వీసింగ్ వాళ్లతో లోపలి వైపు కొట్టించండి, కొన్ని కేసులు అక్కడే అయిపోతాయి.

దానంతటదే పోయే వణుకు అన్నాను కదా, అది ఆ చదునైన టైరుదే. రోజుల తరబడి ఒకే చోట నిలబడ్డ కారును తీయగానే ఢబఢబమని చప్పుడుతో అదిరి, టైర్లు వేడెక్కాక పాతిక ముప్పై కిలోమీటర్లలో మాయమైతే భయం లేదు. అంత నడిచినా పోకపోతే ఆ మచ్చ రబ్బరులో శాశ్వతంగా పడిపోయినట్టే. టైరు పక్కగోడ మీద DOT అనే అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగంకెలు చూడండి, 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది. అది మీ డెలివరీ తేదీకి చాలా వెనకగా ఉంటే బండి ఎక్కడో చాలాకాలం నిలబడి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు పరీక్ష. మంచి రోడ్డు కావాలి, ఈ విషయంలో దక్షిణ తెలంగాణ వాళ్లకు కొరత లేదు. నల్లగొండ వాళ్లకు నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట వైపు, పాలమూరు వాళ్లకు జడ్చర్ల నుంచి కొత్తకోట, పెబ్బేరు వైపు తెల్లవారుజామున లారీలు తక్కువున్నప్పుడు వెళ్లండి. బోర్డు మీదున్న వేగం దాటాల్సిన పని లేదు. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని చెప్పిందల్లా రాయమనండి, నడుపుతూ ఫోన్‌లో రాయకండి. పదేసి చొప్పున వేగం పెంచుతూ వణుకు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఎక్కువుంది, ఎక్కడ తగ్గింది రాయించండి. చాలా కార్లలో అది 80–100 మధ్య ఎక్కువగా ఉండి, ఆపైన కొంచెం సర్దుకున్నట్టు అనిపిస్తుంది.

ఎందుకు సరిగ్గా అక్కడే? ఇది అర్థమైతే మిగతాది సులువు. స్ప్రింగ్ కింద వేలాడే చక్రం, దాన్ని బిగించే హబ్బు, బ్రేకు ఇవన్నీ కలిసి టైరు రబ్బరు మీద ఊగే ఒక బరువు. ఆ బరువుకు తనదైన ఊగే వేగం ఒకటుంది, మామూలు కార్లలో సెకనుకు 10 నుంచి 15 సార్లు. చిన్న కారు టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు రెండు మీటర్లు వెళ్తుంది, అంటే 80 దగ్గర సెకనుకు 11 చుట్లు, 100 దగ్గర 14. రెండు లయలూ కలిసిపోతాయి. ఊయల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అదే క్షణంలో తోస్తే చిటికెన వేలితో కూడా ఎంత పైకి లేపొచ్చో, ఇక్కడ 20 గ్రాముల తేడా అదే చేస్తుంది. 60 దగ్గర తోపు ఆలస్యంగా పడుతుంది, ఇంకా వేగంలో లయ దాటిపోతుంది. కాబట్టి "స్పీడ్ పెంచితే పోతోంది కదా, ఏమీ కాదులే" అనుకోవద్దు, లోపం పోలేదు, మీకు తెలియడం తగ్గిందంతే. బేరింగుల మీదా బుష్‌ల మీదా బలం మాత్రం వేగంతోపాటు పెరుగుతూనే ఉంటుంది.

చక్రమా ఇంజినా తేల్చడానికి న్యూట్రల్ పరీక్ష ఉంది. వణుకు బాగా తెలిసే వేగంలో, ముందూ వెనకా బండ్లు లేని నేరు రోడ్డు మీద, గేరు న్యూట్రల్‌కు తెచ్చి బండిని దానంతటది పోనివ్వండి. ఇంజిన్ మాత్రం ఆపకండి, తాళం చెవి ముట్టుకోవద్దు, ఆపితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్ గట్టిపడుతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ ఐడిలింగ్‌కు పడిపోయినా వణుకు అలాగే ఉంటే అది చక్రాల వైపుది, అంటే చక్రాలదో వాటితోపాటే తిరిగే భాగాలదో. ఆగిపోతే ఇంజిన్ వైపుదో, ఇంజిన్ శక్తిని చక్రాలకు మోసేటప్పుడు మాత్రమే అదిరే షాఫ్టులదో. దీన్ని గట్టి చేసుకోవడానికి అదే వేగంలో నాలుగో గేరులో ఒకసారి, ఐదులో ఒకసారి నడపండి, వేగం ఒకటే ఉండి ఆర్‌పీఎం మారితే వణుకూ మారిందా లేదా తెలుస్తుంది.

అంకెలంటే ఇష్టమున్నవాళ్లు ఫోన్‌లో వైబ్రేషన్ కొలిచే యాప్ ఒకటి వేసుకుని, సీటు మీదో డాష్‌బోర్డు మీదో గట్టిగా బిగించి చూడొచ్చు. అది సెకనుకు ఎన్నిసార్లు అదురుతోందో హెర్ట్జ్‌లో చూపిస్తుంది. మీ వేగాన్ని ఏడుతో భాగించండి, చిన్న కారుకు దాదాపుగా చక్రం లెక్క అదే. 84 దగ్గర 12 హెర్ట్జ్ వద్ద శిఖరం కనిపిస్తే ఇంకెవరినీ అడగక్కర్లేదు. దానికి మూడు నాలుగు రెట్లు వస్తూ, బండి బొలెరో, స్కార్పియో లాంటి వెనక చక్రాలకు శక్తి వెళ్లేదైతే, కింద తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టును అనుమానించాలి, అది చక్రంకంటే అన్ని రెట్లు వేగంగా తిరుగుతుంది. సర్వీస్ అడ్వైజర్ ముందు ఈ స్క్రీన్‌షాట్ పెడితే మాట తీరే మారిపోతుంది.

చక్రాల వైపని తేలితే ముందువా వెనకవా అన్నది చేతులూ నడుమూ చెప్తాయి. స్టీరింగ్ ఎక్కువ అదిరితే ముందు చక్రాలు, స్టీరింగ్ బాగానే ఉండి సీటూ ఫ్లోరూ అదిరితే వెనకవి. నూరు శాతం కాదు కానీ ఎక్కువసార్లు నిజమే. ముందు చక్రాలను వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది, వణుకు చక్రంతోపాటు చోటు మారితే దోషి ఆ చక్రమే, మారకపోతే హబ్బు, బేరింగు, షాఫ్టు వైపు వెళ్లాలి.

అసలు చిక్కు బ్యాలెన్సింగ్ దగ్గరే ఉంది. దేవరకొండలో ఉండే మా చిన్నాన్న కొడుకు కొత్త కారుకు డెలివరీ అయిన వారంలోనే కంపెనీ స్టీల్ రిమ్ములు తీసేసి బయట అలాయ్‌లు వేయించాడు. తర్వాత ఫోన్ చేసి "అన్నా, నాలుగు చక్రాలు బ్యాలెన్సింగ్ చేయించిన, మిషన్‌ల సున్నా చూపించింది, అయినా తొంభై మీద అదురుతనే ఉంది" అన్నాడు. మిషన్ అబద్ధం చెప్పలేదు. బ్యాలెన్సింగ్ మిషన్ చక్రాన్ని తన కోను మీద పట్టుకుని, ఆ కేంద్రం చుట్టూ బరువు సమానంగా ఉందో లేదో చెప్తుంది. కారు మీద చక్రం కూర్చునేది వేరే కేంద్రం మీద. కంపెనీ రిమ్ము మధ్య రంధ్రం హబ్బుకు సరిగ్గా సరిపోయేలా చేస్తారు. బయటి అలాయ్‌లు పది రకాల కార్లకు పట్టాలని పెద్ద రంధ్రంతో వస్తాయి, హబ్బు 54.1 మిల్లీమీటర్లు ఉంటే అలాయ్ రంధ్రం 73.1 ఉండొచ్చు. మధ్యలో ఖాళీ నింపే రింగు వేయకపోతే చక్రాన్ని మధ్యలో నిలబెట్టేవి నట్లే, వాటిని గాలి గన్నుతో ఒకదాని తర్వాత ఒకటి ఫట్‌మని బిగిస్తే చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది. అంత చాలు. హబ్ రింగులు వేయించి, చక్రం గాల్లో ఉండగానే నట్లను ఎదురెదురుగా చేతితో బిగించి, కిందికి దించాక బిగువు కొలిచే టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన అంకెకు బిగించాక మా తమ్ముడి బండి అదురు పోయింది. కొత్త కారుకు బయటి అలాయ్‌లు వేయించే ప్రతివాళ్లూ షాపులో అడగాల్సిన మొదటి మాట ఈ రింగుల గురించే. డిజైన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

సున్నా చూపించినా అదరడానికి ఇంకో కారణం టైరులోనే ఉంటుంది. టైరు అంటే పొరలు పొరలుగా అతికించి చేసిన వస్తువు, అన్ని చోట్లా ఒకే గట్టితనం ఉండదు. ఒక చోట గట్టిగా, ఇంకో చోట మెత్తగా ఉంటే బరువు సమానంగా ఉన్నా, కారు బరువు మీద పడి దొర్లేటప్పుడు ప్రతి చుట్టుకూ ఒకసారి ఎగదన్నుతుంది. మామూలు మిషన్ చక్రాన్ని గాల్లో తిప్పుతుంది కాబట్టి దీన్ని పట్టుకోలేదు. రోలర్‌తో టైరును నొక్కుతూ తిప్పే రోడ్ ఫోర్స్ మిషన్ పట్టుకుంటుంది, అది ప్రతి ఊళ్లో ఉండదు, హైదరాబాద్ దాకా వెళ్లాల్సి రావచ్చు. కొత్త టైరు మీద రంగు చుక్కలు కనిపిస్తాయి కదా, అవి అలంకారం కాదు. చాలా కంపెనీల్లో పసుపు చుక్క తేలిక చోటును చెప్తుంది, దాన్ని వాల్వ్ దగ్గరకు తెచ్చి బిగిస్తారు. ఎర్ర చుక్క ఆ ఎగదన్నే చోటు, రిమ్ము అంచు అన్నిటికంటే తగ్గుగా ఉన్న చోటుకు ఎదురుగా ఉంచుతారు. టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించమని అడగండి, పైసా పార్ట్ మార్చకుండా తగ్గిన సందర్భాలుంటాయి. ఇంకో చిన్న సంగతి, చాలా బ్యాలెన్సింగ్ మిషన్లు ఐదు గ్రాముల లోపు తేడాను సున్నాగానే చూపించేలా అమర్చి ఉంటాయి, అసలు అంకె చూపించే బటన్ ఉంటుంది, నొక్కమని మర్యాదగా అడిగితే నొక్కుతారు.

బ్రేక్ తొక్కితేనే వచ్చే వణుకు ఎక్కువగా డిస్కుల వైపుది. డిస్కు మందం ఒక చోటికీ ఇంకో చోటికీ మిల్లీమీటరును నూరు భాగాలు చేస్తే అందులో రెండు భాగాలంత తేడా ఉన్నా కాలికి తెలుస్తుంది. వానాకాలమంతా యార్డులో తడుస్తూ నిలబడ్డ బండికి ప్యాడు కింద తుప్పు మచ్చ పడుతుంది, కొన్ని గట్టి బ్రేకులతో పోతే సరే, పోకపోతే డిస్కు సానబట్టడమో మార్చడమో షోరూమ్ వాళ్ల పని. ఈగలపెంట నుంచి శ్రీశైలం డ్యామ్ వైపు ఘాట్ దిగేటప్పుడు మాత్రమే వస్తోందంటే, కిందిదాకా బ్రేక్ మీదే కాలు పెట్టి డిస్కులు కాల్చేస్తున్నారేమో చూసుకోండి, రెండో గేరులో దిగి చూడండి.

గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే బండి అడ్డంగా ఊగి, వదిలేయగానే ఆగిపోతే లోపం చక్రానికి శక్తి మోసే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్‌ది. కొత్త కారులో అరుదే, కానీ ఉంటే వారంటీలోదే.

సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డప్పుడు సీటు అదరడం గురించి మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి మూడు సిలిండర్ల ఇంజిన్లే. స్విఫ్ట్ కూడా 2024 మోడల్‌తో నాలుగు నుంచి మూడుకు మారింది. నాలుగు సిలిండర్లలో ఒకదాని ఊపును ఇంకొకటి చాలావరకు రద్దు చేస్తుంది, మూడింటిలో ఇంజిన్ ఈ కొస నుంచి ఆ కొసకు ఊగే గుణం మిగిలిపోతుంది, దాన్ని ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్‌ల రబ్బరు మింగాలి. ఐడిలింగ్‌లో 800 ఆర్‌పీఎం దగ్గర అది కొంత బయటికి తెలుస్తుంది, 1,000 దాటగానే చాలావరకు తగ్గుతుంది. పాత నాలుగు సిలిండర్ల కారు నుంచి మారినవాళ్లకు అది జబ్బులా కనిపిస్తుంది కానీ కాదు. అయినా షోరూమ్ మాట మీద వదిలేయకండి, అదే మోడల్, అదే ఇంజిన్ ఉన్న ఇంకో కొత్త బండిలో, అదే ఏసీ వేసి, అక్కడే కూర్చుని చూడండి. రెండూ ఒకేలా ఉంటే అది బండి స్వభావం. మీదే ఎక్కువ ఉంటే మౌంటింగ్ చూడమని గట్టిగా అడగండి.

ఇక కుదుపు. మనిషి ఒంటికి అన్నిటికంటే బాధ కలిగించేది సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే పైకీ కిందికీ ఊపు. పాడైన తారు రోడ్డు మీద, వరుస అతుకుల సీసీ రోడ్డు మీద మీకు వచ్చేది దాదాపు అదే. బీచుపల్లి దగ్గర కృష్ణ మీద బ్రిడ్జి దాటేటప్పుడు అతుకుల దగ్గర ఠక్‌మంటే అది కారు తప్పు కాదు, ఆ ఒక్క దెబ్బ తర్వాత కారు ఏం చేసిందో చూడండి. ఒకసారి ఊగి ఆగితే షాక్ అబ్జార్బర్లు బాగున్నట్టు, రెండు మూడుసార్లు ఊగితే లేనట్టు. ఒక్క పక్క మాత్రమే టక్‌మంటే ఏదో బోల్టు వదులు. మరీ గట్టిగా ఉంటే గాలి చూశాక, స్ప్రింగ్ చుట్ల మధ్య ఏవైనా దిమ్మెలు మిగిలాయేమో చూడమనండి, కొన్ని కంపెనీలు రవాణాలో బండి ఊగకుండా అవి పెడతాయి, తీయడం షోరూమ్ బాధ్యత. అదేమీ లేకుండా, మీరు 17, 18 అంగుళాల రిమ్ములున్న టాప్ మోడల్ కొని ఉంటే, పక్కగోడ పొట్టిగా ఉన్న టైరు అంతే మింగగలదు. మన ఊళ్ల రోడ్లకు కింది మోడల్ చిన్న రిమ్మే సుఖం, నన్నడిగితే కొనేముందే చెప్తాను.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లినప్పుడు "వైబ్రేషన్ ఉంది" అని రాయించకండి. "85 నుంచి 100 మధ్య స్టీరింగ్‌లో, న్యూట్రల్‌లోనూ, బ్రేక్ తొక్కకుండానే" అని, బండి ఇచ్చేటప్పుడు ఫిర్యాదులు రాసుకునే జాబ్ కార్డులో అచ్చంగా రాయించి, టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అదే రోడ్డు మీద చూపించండి. టైర్ల వారంటీ సాధారణంగా కారు కంపెనీది కాదు, టైరు కంపెనీది, షోరూమ్ ద్వారానే క్లెయిమ్ వేయించొచ్చు. ఎన్నిసార్లు తిరిగినా తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే, అంటే నల్లగొండ వాళ్లు నల్లగొండలో, మహబూబ్‌నగర్ వాళ్లు మహబూబ్‌నగర్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, షోరూమ్ హైదరాబాద్‌లో ఉన్నా సరే. 50 లక్షల లోపు కొన్న బండి అక్కడికే వస్తుంది, గడువు రెండేళ్లు. అక్కడ పనికొచ్చేవి తేదీలున్న జాబ్ కార్డులే, అందుకే "చూశాం సార్, ఏమీ లేదు" అని నోటితో చెప్పి పంపిస్తుంటే ఆ మాటనే కార్డు మీద రాసి సంతకం పెట్టమనండి.